మాట రాని పిల్లలకు బొమ్మల బోర్డు: పల్లెల్లో పనిచేస్తూ నేర్చుకున్నది

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం), ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి బడి ఈడు వచ్చినా నోటితో మాట రాదు. కొందరికి వచ్చినా ఇంట్లోవాళ్లకు తప్ప బయటివాళ్లకు అర్థం కాదు. నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోనూ, ఇండ్ల దగ్గరా ఇలాంటి పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో చేస్తున్న పని గురించే ఇదంతా. ఏ వరసలో చేస్తామో, ఎక్కడ చెడిపోతుందో, ఎందుకు చెడిపోతుందో రాస్తున్నాను. గళ్లలో బొమ్మలు పెట్టి, బొమ్మను తాకి మాట చెప్పుకునే బోర్డు తయారు చేయడం ఒక పూట పని. దాన్ని ఇంట్లో నడిపించడమే అసలు కష్టం. ముందు పెద్దలు ఆ బోర్డు మీద వేలు పెట్టి పిల్లలతో మాట్లాడాలి. అది జరగని ఇంట్లో ఎంత మంచి బోర్డైనా మేకుకే వేలాడుతుంది.

మొదలు చెవులు చూపించాలి. పుట్టగానే కామెర్లు బాగా ముదిరి సెరిబ్రల్ పాల్సీ వచ్చిన పిల్లల్లో వినికిడి లోపం తరచుగా ఉంటుంది. పళ్లెం పడ్డ చప్పుడుకు ఉలిక్కిపడతారు కాబట్టి ఇంట్లో మంచిగనే ఇనబడుతుంది అనుకుంటారు. చప్పుడు వినడం వేరు, మాట తేటగా వినడం వేరు. చప్పుడు చెవి నుంచి మెదడుకు అందుతుందో లేదో చూసే బెరా పరీక్ష చేయిస్తే సంగతి తేలుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ రెండూ ఉన్నాయి. వీలుంటే ఒకే ప్రయాణంలో రెండు పనులూ చూసుకోవచ్చు. చూపు కూడా పరీక్ష చేయించాలి. సెరిబ్రల్ పాల్సీలో కన్ను బాగానే ఉండి, మెదడు బొమ్మను పోల్చుకోలేకపోవడం కద్దు. అలాంటి పిల్లలకు నల్లటి నేల మీద ఒక్కటే పసుపు లేదా ఎరుపు వస్తువు చూపిస్తే పట్టుకుంటారు. ఇరవై బొమ్మల రంగురంగుల కాగితం పెడితే తల తిప్పేస్తారు. దాన్ని ఇష్టం లేకపోవడం అనుకుని వదిలేసిన ఇండ్లు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత, పిల్లలు ఇప్పటికే ఏం చెబుతున్నారో చూడాలి. మాట లేని పిల్ల కూడా రోజంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీసి తల్లి చేత నింపిస్తాం: పిల్ల ఏం చేసింది, అది దేనికని మనం అనుకున్నాం, అప్పుడు మనం ఏం చేశాం. కాళ్లు బిర్రుగా చాపడం, తలుపు దిక్కు చూడడం, గొంతులో ఒక రకం చప్పుడు, ఇవన్నీ రాయాలి. తల్లికి తెలిసినవి నాయినకు తెలియవు, ఇద్దరికీ తెలిసినవి టీచరుకు తెలియవు. ఈ పేజీ ఒకటి బడిలో ఉంటే చాలు, బోర్డు కంటే ముందే సగం ఏడుపులు తగ్గుతాయి.

కూర్చోబెట్టడం గురించి ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే బోర్డు పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం కుర్చీయే. నడుము వెనక్కి ఆని ఉండాలి, మోకాళ్లు వంగి పాదాల కింద ఆసరా ఉండాలి, ముందు బల్ల మోచేతుల ఎత్తులో ఉండాలి. పాదాలు గాలిలో వేలాడితే ఒళ్లు పడిపోకుండా నిలబెట్టుకోవడానికే పిల్ల బలమంతా పోతుంది, చెయ్యి కదలదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం చేసే సీపీ కుర్చీ వచ్చేదాకా గోడ మూల, రెండు దిండ్లు, పాదాల కింద ఒక పీట పెట్టినా నడుస్తుంది. ఇంకొకటి గమనించాలి. కొందరికి తల ఒక పక్కకు తిరిగితే ఆ పక్క చెయ్యి దానంతటదే బిర్రుగా చాచుకుంటుంది, రెండో చెయ్యి మడుచుకుంటుంది. ఇది చిన్నప్పటి రిఫ్లెక్స్, పోవాల్సిన వయసులో పోకుండా మిగిలింది. అలాంటి పిల్లలకు బోర్డు పక్కన పెట్టి చూపించమంటే ఎంత ప్రయత్నించినా చెయ్యి దాని మీదికి రాదు. బోర్డు ముక్కుకు నేరుగా, నడిమధ్యలో ఉండాలి. మనం కూడా ఎదురుగానే కూర్చోవాలి.

అవును, కాదు అనేవి తేల్చుకోవడం తర్వాతి మెట్టు. రెప్ప కొట్టడాన్ని అవునుగా పెట్టుకోవద్దు. రెప్పలు ఊరికే కూడా పడతాయి, ఏది జవాబో తెలియదు. కళ్లు పైకెత్తితే అవును, పక్కకు తిప్పితే కాదు అనే పద్ధతి చాలామందికి కుదురుతుంది. కానీ కామెర్ల వల్ల దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి కళ్లు పైకి లేవవు. వాళ్లకు కుడి చేతికి అవును బొమ్మ, ఎడమ చేతికి కాదు బొమ్మ కట్టి అటు ఇటు చూడమంటాం. ప్రశ్న కూడా నిజమైనదై ఉండాలి. "నీ పేరు ఇదేనా?" అని మనకు తెలిసిందే పదిసార్లు అడిగితే పిల్లలు విసిగి తప్పు చెబుతారు. "బయట కూసుంటవా?" అని అడిగి, అవునంటే వెంటనే బయటికి తీసుకుపోవాలి.

ఇక మాటల ఎంపిక. బొమ్మల చార్టులాగా ఆపిల్, బంతి, బస్సు, ఏనుగు అని పేర్లతో బోర్డు నింపడం అందరూ చేసే పని. ఆ బోర్డుతో పిల్ల వస్తువు అడగడం తప్ప ఇంకేం చెప్పగలదు? మనం రోజంతా మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం కొన్ని వందల చిన్న మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటి బోర్డుకు నేను పెట్టే పన్నెండు ఇవి: నాకు, నువ్వు, అది, చూడు, పోదాం, ఇంకా, కావాలె, వద్దు, ఆపు, అయిపోయింది, నొస్తుంది, ఇందులో లేదు. చివరిది మరిచిపోవద్దు. తను చెప్పదలచుకున్నది బోర్డులో లేదని చెప్పే దారి పిల్లకు ఉండాలి. లేకపోతే ఉన్న బొమ్మల్లోనే ఏదో ఒకటి చూపించి ఊరుకుంటుంది, మనం అదే నిజమనుకుంటాం.

ఇంటర్నెట్‌లో దొరికే బోర్డులు ఇంగ్లిష్ వాక్యం వరసలో ఉంటాయి. మనిషి పక్కనే పని, ఆ తర్వాత వస్తువు. వాటినే తెలుగులోకి మార్చి వాడితే చెయ్యి ముందుకూ వెనక్కూ తిరగాల్సి వస్తుంది. నేను ఎడమ అంచున మనుషులను, నడుమ వస్తువులను, కుడి అంచున పనులను పెడతాను, "నాకు నీళ్లు కావాలె" అన్న వరసలో చెయ్యి సాగుతుంది. వద్దు, కాదు, లేదు మూడూ వేరువేరు గళ్లలో ఉండాలి. ఒకే ఇంటూ గుర్తు పెడితే పిల్ల ఇష్టం లేదంటుందో, తప్పంటుందో, అయిపోయిందంటుందో తేలదు. క్రియలకు తిను, పో, ఇయ్యి అన్న మొదటి రూపం చాలు. తిన్న, తింట, తినలే అన్నవి పెద్దలు నోటితో కలుపుతారు. ఇంట్లో వాడే మాటే రాయాలి. దూప అనే ఇంట్లో దాహం అని రాసి పెడితే బోర్డు బడి పుస్తకంలా పరాయిదైపోతుంది. సద్ది, సల్ల, జొన్నరొట్టె, అవ్వ, బాపు ఇవన్నీ రెండో పేజీకి వస్తాయి.

దేవరకొండ తండాల్లో ఇంటి భాష లంబాడీ. అక్కడ బొమ్మ కింద తెలుగు లిపిలోనే లంబాడీ మాట రాస్తాం, తల్లి ఆ భాషలోనే పలుకుతుంది, బడిలో టీచరు అదే బొమ్మకు తెలుగు పలుకుతారు. బొమ్మ ఒకటే కాబట్టి పిల్లకు ఇబ్బంది లేదు. బోర్డు కోసమని తల్లి తన భాష మానుకుని రాని తెలుగులో మాట్లాడడం మొదలుపెడితే మాత్రం నష్టం.

తయారీకి వస్తే, పిడికిలితో చూపించే పిల్లలకు ఏ3 కాగితం మీద పన్నెండు గళ్లు, ఒక్కొక్కటి దాదాపు 9 సెంటీమీటర్లు, గడికీ గడికీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ. వేలితో చూపించగలిగితే ఏ4 అడ్డంగా తిప్పి ఇరవై నాలుగు గళ్లు, ఒక్కొక్కటి నాలుగున్నర సెంటీమీటర్లు. మొదలు పన్నెండే తెరిచి మిగతావి ఖాళీగా ఉంచినా గీత మాత్రం ఇరవై నాలుగుకే గీయాలి. కొత్త మాట వచ్చినప్పుడు ఖాళీ గడిలోకి పోవాలి, పాత మాట చోటు మారకూడదు. చెయ్యి చోటును గుర్తుపెట్టుకుంటుంది. అందంగా ఉంటుందని వరస మార్చిన రోజున పిల్ల మళ్లీ మొదటికి వస్తుంది. మనుషులకు, తిండికి ఇంట్లో ఫోనుతో తీసిన ఫొటోలు మంచివి, వెనక ఒక తెల్ల గుడ్డ కట్టి తీయాలి. పనుల మాటలకు స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అరాసాక్ బొమ్మలు వాడతాం, అమ్మకానికి కాకుండా ఎవరైనా వాడుకోవచ్చు.

ఇంక్‌జెట్ ప్రింటు తడి తగలగానే కారిపోతుంది, జిరాక్స్ షాపులో లేజర్ కలర్ ప్రింటు తీయించండి. లామినేషన్ చేశాక కాగితం అంచుకు ఆనించి కోయొద్దు. చుట్టూ అర సెంటీమీటరు ప్లాస్టిక్ వదలాలి, లేకపోతే అన్నం చెయ్యి తగిలి నీళ్లు లోపలికి దిగుతాయి. వెనక సన్‌బోర్డు అతికించి అంచులకు టేపు వేస్తే వంగదు. వాకిట్లో ఎండ పడితే మెరిసే లామినేషన్ మీద బొమ్మ కనబడదు, మ్యాట్ షీటు దొరికితే అదే మేలు. విడి కార్డులకు వెల్క్రో వాడితే, రేకుల ఇండ్లలో ఏప్రిల్, మే నెలల వేడికి దాని గమ్ము కరిగి ఊడిపోతుంది. రెక్సిన్ గుడ్డ మీద దర్జీతో కుట్టిస్తే నిలుస్తుంది. పాలమూరు నుంచి పనికి ముంబై, పుణె పోయే కుటుంబాలకు గట్టి బోర్డు పనికిరాదు. మడిచి మూటలో పెట్టుకునే రెక్సిన్ బోర్డే ఇస్తాం, దాని ఫొటో నాయిన ఫోనులో ఉంచుతాం, పోతే అక్కడే మళ్లీ ప్రింటు తీయించుకోవచ్చు.

ఇప్పుడు వాడడం. అన్నం వేళ ఎలా ఉంటుందో చూడండి. తల్లి పళ్లెం పక్కన బోర్డు పెడుతుంది. "తిందామా" అంటూ తను తిను బొమ్మ మీద వేలు పెడుతుంది. రెండు ముద్దలు పెట్టి ఆగుతుంది. "ఇంకా పెట్టాల్నా?" అంటూ ఇంకా బొమ్మ తాకుతుంది. ఆ తర్వాత నోరు మూసుకుని మనసులో పది లెక్కపెడుతుంది. పిల్ల చెయ్యి లేస్తుంది, ఇంకా దిక్కు పోతుంది, జారి వద్దు మీద పడుతుంది. ఇక్కడే తొందరపాటు జరుగుతుంది. "లే, ఇంకా అన్నది నా బిడ్డ" అని తల్లి ముద్ద పెట్టేస్తే బోర్డుకు విలువ పోతుంది. "వద్దా? సరే" అని పళ్లెం కొంచెం పక్కకు జరపాలి. పిల్ల మూలుగుతుంది, చెయ్యి మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకా మీద ఆగుతుంది. "ఓ, ఇంకా! ఇగో" అని వెంటనే ముద్ద పెట్టాలి. తను తాకినదాన్ని బట్టి ఎదుటి మనిషి కదులుతుందని పిల్లకు అక్కడ తెలుస్తుంది.

పెద్దలు వాక్యం మొత్తం మామూలుగానే పలకాలి, తాకేది మాత్రం ఒకటి రెండు మాటలే. పిల్ల ఒక మాట చూపించే స్థితికి వస్తే మనం రెండు చూపించాలి. "చూపించు, చూపించు" అని చెయ్యి పట్టి బొమ్మ మీద పెట్టొద్దు, "నీళ్లు ఏది?" అని పరీక్షలు పెట్టొద్దు. నెలల తరబడి పిల్ల ఏమీ చూపించకపోయినా మనం చూపిస్తూనే ఉండాలి. పుట్టిన బిడ్డతో ఏడాది పాటు మనమే మాట్లాడతాం, తిరిగి మాట రాలేదని ఎవరూ మానేయరు.

వద్దు, ఆపు అనే మాటలకు ఇంట్లో చాలామంది ఒప్పుకోరు. మొండితనం నేర్చుకుంటుందని భయం. అన్నిసార్లూ ఆపలేం, నిజమే. మందు వేయాల్సిందే. అయినా "వద్దంటున్నవ్, తెలిసింది, ఒక్కటే చెంచా, అయిపోయింది" అని బోర్డు మీదే జవాబు చెప్పొచ్చు. వద్దనలేని పిల్లకు ఎవరు ఏం చేసినా బయటపడదు. అందుకే ఒంటి భాగాలన్నీ, మర్మాంగాలతో సహా, ఉన్న బొమ్మ ఒకటి, కొట్టిండ్రు, భయం, చెప్పాలె అనే గళ్లు తప్పక పెట్టిస్తాను. తల్లులు సిగ్గుపడతారు, కూర్చోబెట్టి చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టంలో వైకల్యం ఉన్న పిల్లల వాంగ్మూలం తీసుకునేటప్పుడు వాళ్లు చెప్పే తీరు తెలిసిన మనిషి సాయం, స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకునే వీలుంది. ఆ మాటలు బోర్డులో లేకపోతే ఆ వీలుతో ఏం లాభం?

చెయ్యి ఏమాత్రం రాని పిల్లలకు కంటి చూపే దారి. నేమ్ బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు, 60 బై 45 సెంటీమీటర్లది, మధ్యలో ముఖం కనబడేంత రంధ్రంతో కోయిస్తాం. నాలుగు మూలలా బొమ్మలు అతికించాలి, రెండు వైపులా కనబడేటట్టు. మనం అటు వైపు, పిల్ల ఇటు వైపు, మధ్యలో షీటు. పిల్ల ఒక బొమ్మ చూసి తిరిగి మన కళ్లలోకి చూస్తే అదే జవాబు. మనం ముందే ఒక బొమ్మ దిక్కు చూశామా, పిల్ల చూపు మన చూపు వెంట పోతుంది. మొదట రెండే బొమ్మలు, కుడి ఎడమల్లో పెట్టండి. చూపు కూడా నిలవని పిల్లలకు మనమే వరసగా చదవడం: "తిండా? ఆటనా? నొప్పా? మనుషులా? వేరేదా?" మొదటిసారి జవాబు అడగకుండా మొత్తం వినిపించాలి, రెండోసారి ఒక్కొక్క దాని దగ్గర ఆగాలి. వరస ఎప్పుడూ మారొద్దు, గొంతు ఒక్క తీరుగా ఉండాలి. మనకు తోచిన జవాబు దగ్గర గొంతు పెరిగితే పిల్లలు దానికే అవునంటారు.

ఆటిజం ఉండి, దగ్గరికి వచ్చి అడగడమే తెలియని పిల్లలకు కార్డు చేతికిచ్చే పెక్స్ పద్ధతి బాగా కుదురుతుంది. అమెరికాలో 1985లో బాండీ, ఫ్రాస్ట్ తయారుచేసింది ఇది. మొదట ఇద్దరు పెద్దలు కావాలి. ఒకరు ఎదురుగా ఇష్టమైన వస్తువుతో, ఇంకొకరు వెనక నుంచి మాట్లాడకుండా చెయ్యి సాయం. ఎదురుగా ఉన్నవాళ్లు "ఏం కావాలె?" అని అడగకూడదు. అడిగితే పిల్లాడు అడిగేదాకా కూర్చోవడమే నేర్చుకుంటాడు. ఇంట్లో రెండో మనిషి దొరక్క చాలాచోట్ల ఇక్కడే ఆగిపోతుంది.

చెయ్యి పట్టుకుని అక్షరాల మీద తిప్పిస్తూ పిల్లాడు కవితలు రాస్తున్నాడని చూపించే పద్ధతుల జోలికి పోవద్దు. రాస్తున్నది పట్టుకున్న మనిషేనని పరీక్షల్లో తేలింది. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో దాన్ని వాడొద్దని చెప్పింది. మోచేతికి ఆసరా బల్ల ఇవ్వొచ్చు, మన చెయ్యి ఇవ్వకూడదు.

ఫోను సంగతి ప్రతి తండ్రీ మొదటి రోజే అడుగుతారు. బొమ్మ తాకితే మాట పలికే యాప్‌లు ఉన్నాయి: ఐఐటీ బాంబేలో తయారైన జెల్లో యాప్ ఉచితం, చెన్నైలో పుట్టిన అవాజ్ ఇంకా పెద్దది. యాప్‌కు ముందు కాగితం బోర్డు కొంత నడవాలి, యాప్ వచ్చాక కూడా కాగితం పక్కన ఉండాలి. ఛార్జింగ్ అయిపోతే మాట ఆగిపోకూడదు కదా. తెలుగు గొంతును వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. యాప్ నుంచి బయటికి పోకుండా స్క్రీన్ పిన్ చేయండి. చెయ్యి వణికే పిల్లలకు తాకి కొంచెంసేపు ఉంచితేనే పలికేలా సెట్టింగ్ మార్చండి. యూట్యూబ్ చూసే ఫోనులోనే ఈ యాప్ పెడితే పిల్లకు అది బొమ్మల ఫోనే, మాటల ఫోను కాదు. ఇంట్లో పడి ఉన్న పాత ఫోను దీనికి వేరుగా పెట్టడం మంచిది. గొంతు రికార్డు చేసేటట్టైతే అదే ఈడు పిల్లల చేత చేయించండి, తొమ్మిదేండ్ల పిల్లవాడికి తల్లి గొంతు ఎందుకు?

బొమ్మలు చూపిస్తే ఇక నోటి మాట రాదేమోనన్న భయం మాత్రం నిజమైనది, దాన్ని కొట్టిపారేయను. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ చేసిన సమీక్షలో గట్టి ఆధారం ఉన్న 27 మందిని చూస్తే ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. ఎక్కువమందికి పెరిగింది కొంచెమే అన్నది కూడా చెబుతాను. బోర్డు మాటలు తెప్పించే మందు అని చెప్పి మొదలుపెట్టిస్తే ఆరు నెలలకు వదిలేస్తారు. వస పోయడం, నాలుక కింద కోయించడం లాంటివాటి చుట్టూ తిరిగి ఏండ్లు పోగొట్టుకున్న ఇండ్లకు ఈ సంగతి నిదానంగా చెప్పాలి, తిట్టకూడదు.

కాగితాల పని కూడా పక్కన నడవాలి. వైకల్యం తేల్చే సదరం క్యాంపు, వికలాంగుల గుర్తింపు యూడీఐడీ కార్డు ముందు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్టు నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీ ఖర్చులకూ అందులో చోటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం భావ వ్యక్తీకరణ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా ఉన్నాయి. బోర్డు బడికి తేవద్దని ఎవరైనా అంటే ఆ సంగతి రాతపూర్వకంగా చూపించండి. బడిలో హాజరు పిలిచినప్పుడు తాకడానికి "వచ్చిన" అనే గడి, పక్క పిల్లలతో అనడానికి "నేను గూడ" అనే గడి చేర్చండి.

ఆసుపత్రి కోసం వేరే ఒక పేజీ చేయాలి, పిల్ల మాట్లాడుతున్నట్టే రాసి: నాకు వినబడుతుంది, అర్థమవుతుంది. అవును అంటే ఇలా చేస్తాను, కాదు అంటే ఇలా. నొప్పి ఉంటే ఈ చప్పుడు చేస్తాను. సూది గుచ్చేముందు చెప్పండి. అన్నం మెత్తగా పిసికి, కూర్చోబెట్టే పెట్టాలి, పడుకోబెట్టి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాకు మూర్ఛ మందు ఇది, ఈ వేళకు. కింద తల్లి ఫోను నంబరు. ఒక ప్రతి యూడీఐడీ కార్డుతో పాటు కవరులో, ఇంకొకటి ఫోనులో ఫొటోగా ఉంచాలి. మందు మారినప్పుడల్లా ఆ గీత కొట్టేసి కొత్తది రాసి, పైన తేదీ వేయాలి.